కథలో విలన్ మనసు చదవడం ఎలా? మాయల ఫకీరుతో మొదలుపెడదాం

కథల్లో దుర్మార్గుడి గురించి రాయమంటే చాలామంది మొదటి వాక్యంలోనే నార్సిసిస్ట్ (తనే గొప్పనుకునేవాడు) అనో, సైకోపాత్ (జాలి, పశ్చాత్తాపం లేనివాడు) అనో తేల్చిపారేస్తారు. ఇక ఆ తరవాత రాయడానికి ఏం మిగులుతుంది? ముందు పనులు చూడండి, తరవాత భయాలు చూడండి. జబ్బుల పేర్లు ఆఖరున, అదీ అవసరమైతేనే. మనలో చాలామంది చిన్నప్పుడే విన్న బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు మీద ఈ పద్ధతి ప్రయత్నిద్దాం.

1. ఏ కథనమో తేల్చుకోండి

బుర్రకథలో ఒకలా, నాటకంలో ఒకలా, సినిమాలో ఇంకోలా ఉంటుంది. ఒకదాన్ని పట్టుకోండి. రెండు మూడు కలిపితే ఎవరూ చెప్పని నాలుగో విలన్ తయారవుతాడు.

2. చేసిన పనులు మాత్రమే రాయండి

క్రూరుడు, కామాంధుడు లాంటి విశేషణాలు కొట్టేయండి. భిక్షకు వచ్చినట్టు వచ్చాడు. బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజును రాయి చేశాడు. ఆమె వ్రతంలో ఉన్నానంటే ఏళ్ల తరబడి ఆగాడు. చివరికి తన ప్రాణం ఎక్కడుందో తనే చెప్పేశాడు.

అతని వేషాన్ని ఈ జాబితాలో చేర్చకండి. 1942లో వచ్చిన జెమిని వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసిన ఈ పాత్ర పేరు మాయల మరాఠీ. ఫకీరు అన్నా మరాఠీ అన్నా చేసే పనులు అవే. బయటివాడంటే మనకున్న అనుమానం ఆ పేర్లలో కనిపిస్తుంది గానీ, అతని స్వభావం కనిపించదు.

3. అతకని పని దగ్గర ఆగండి

పై జాబితాలో మొదటి మూడూ ఒక జాతివి. చివరి రెండూ వాటితో పొసగవు. అసలు పని ఇక్కడే ఉంది.

మనుషుల్ని రాళ్లు చేయగలవాడు ఒక్క వ్రతం మాటకు ఎందుకు ఆగాడు? మంత్రంతో మనిషిని తెచ్చుకోగలడు, ఇష్టాన్ని తెప్పించుకోలేడు. ఆమె తనంతట తాను ఊ అనాలి. అతని శక్తి చెల్లని చోటు అదొక్కటే. అలాగని దీన్ని మంచితనం ఖాతాలో వేయొద్దు. ఆగినన్నాళ్లూ తలుపు తాళం తీయలేదు కదా! ఇవాళ్టి సినిమాల్లో హీరో అమ్మాయి వెంటపడటాన్ని ప్రేమగా చదివే అలవాటు మనకుంది, అందుకే ఈ హెచ్చరిక.

4. అతనిది ఏది, ఆనవాయితీ ఏది?

ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం పెట్టుకోవడం చూసి, ఎవరి చేతికీ చిక్కకూడదన్న భయమని రాయబుద్ధేస్తుంది. కానీ రష్యన్ కథల్లో కష్చేయ్ అనే దుష్ట మాంత్రికుడి ప్రాణం సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో ఉంటుంది. జానపద పరిశోధకులు ఈ తరహా కథలకు 302 అని సంఖ్య కూడా ఇచ్చారు. అంటే దాచుకోవడం చాలా దేశాల రాక్షసులకు ఉమ్మడి లక్షణం. కాబట్టి దాచిన తీరు కన్నా బయటపెట్టిన తీరు చూడండి. బాలనాగమ్మ అతని క్షేమం గురించి బెంగపడినట్టు నటించింది. ఆ కాస్త ఆపేక్షకే కరిగిపోయి, తన కోసం ఒకరు దిగులుపడుతున్నారని నమ్మేశాడు.

5. జబ్బు పేరు జాగ్రత్తగా వాడండి

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్‌లో నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్‌కు 9 లక్షణాలున్నాయి. కనీసం 5 ఉండాలి, అదీ నిపుణులు తేల్చాలి. ఎదుటివారిని వాడుకోవడం, అన్నీ తనకే చెల్లాలనుకోవడం, మెప్పు కోసం తపన ఫకీరులో కనిపిస్తాయి. అంతవరకే రాయండి. కథ అతని బాల్యం చెప్పదు, లోపలి మాట వినిపించదు.

6. మీ తీర్పును సంగు ముందు పెట్టండి

ఇంతదాకా వచ్చాక, ఆపేక్షకు మొహం వాచినవాడని రాసేస్తాం. మరి ఫకీరు ప్రియురాలు సంగు మాటేమిటి? అతన్ని కోరుకునే మనిషి అతని పక్కనే ఉంది. ఆమె ఆపేక్ష అతనికి చాల్లేదు. కాబట్టి తీర్పు తిరగరాయాలి: అతనికి కావలసింది ఎవరి ఆపేక్షో కాదు, తనను కాదన్న మనిషి ఆపేక్ష. అంత సులువుగా రహస్యం బయటపెట్టిందీ బాలనాగమ్మ దగ్గరే, సంగు దగ్గర కాదు.