ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ డీఎన్ఏ వరుసను ఎలా గుర్తుపడుతుందో స్వయంగా పరిశీలించే విధానం

ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రోటీన్లైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, కోట్ల అక్షరాల డీఎన్ఏలో తమకు కావలసిన చిన్న వరుసను, రెండు పోగులను విడదీయకుండానే గుర్తుపడతాయి. ఇది మనసుకు పట్టాలంటే ఒక్క నిర్మాణాన్నైనా స్వయంగా తిప్పి చూడాలని నా గట్టి నమ్మకం. ఇందుకు చిట్టెలుక ప్రోటీన్ జిఫ్268 ఎంతో అనువైనది. నికోలా పావ్లెటిచ్, కార్ల్ పాబో 1991లో దీని స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించారు. 1996లో వచ్చిన, 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటవ వంతు) స్పష్టత గల రూపం, ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 1ఏఏవై అనే సంకేతంతో ఉచితంగా దొరుకుతుంది.

కంప్యూటర్ తెరిచే ముందు కాగితం మీద డీఎన్ఏ అక్షరాలైన క్షారాల (జీ అంటే గ్వానిన్, సీ సైటోసిన్, ఏ అడెనిన్, టీ థైమిన్) నాలుగు జతలను, అంటే జీ-సీ, సీ-జీ, ఏ-టీ, టీ-ఏలను గీసి, పెద్ద గాడి (డీఎన్ఏ మెలికల వెంబడి ఉండే రెండు గాడుల్లో వెడల్పైనది) వైపున్న అంచును గుర్తించండి. జీ-సీ జతలో ఆ అంచు మీద వరుసగా రెండు హైడ్రోజన్ గ్రహీతలు (హైడ్రోజన్ బంధంలో హైడ్రోజన్‌ను అందుకునే పరమాణువులు), ఒక దాత (దాన్ని అందించేది), చివర బంధంలో పాల్గొనని ఒక మామూలు హైడ్రోజన్ ఉంటాయి. ఏ-టీ జతలో గ్రహీత, దాత, మళ్లీ గ్రహీత, ఆపై థైమిన్ తాలూకు మిథైల్ సమూహం ఉంటాయి. జతను తిరగేస్తే ఈ క్రమం కూడా తిరగబడుతుంది కనుక నాలుగూ నాలుగు వేర్వేరు గుర్తులవుతాయి. చిన్న గాడి వైపు ఏ-టీ, టీ-ఏ జతలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. చాలా ప్రోటీన్లు పెద్ద గాడిలోనే చదవడానికి ఇదే ప్రధాన కారణం.

ఇప్పుడు అణువుల నిర్మాణాన్ని చూపే పైమాల్ లేదా కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో 1ఏఏవై ఫైలు తెరిచి, నీటి అణువులను తాత్కాలికంగా దాచండి. ప్రోటీన్‌లోని మూడు జింక్ ఫింగర్లు (జింక్ పరమాణువు చుట్టూ ముడుచుకున్న వేలులాంటి భాగాలు) డీఎన్ఏ చుట్టూ పెద్ద గాడి వెంబడి చుట్టుకుని కనిపిస్తాయి. ఒక్కొక్క దానిలో రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని పూసలు) జింక్‌ను పట్టి ఉంచగా, ఆల్ఫా హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం) మొదలు గాడిలోకి దిగి ఉంటుంది. లక్ష్యపు వరుస జీ-సీ-జీ, టీ-జీ-జీ, జీ-సీ-జీ. మొదటి ఫింగర్ ఈ వరుసలోని చివరి మూడు అక్షరాల మీద కూర్చుంటుంది. అంటే ప్రోటీన్, డీఎన్ఏ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మొదటి ఫింగర్‌ను దగ్గరగా చూడండి. హెలిక్స్‌కు సరిగ్గా ముందున్న, మైనస్ 1గా లెక్కించే స్థానంలోని ఆర్జినిన్ (ప్రోటీన్ గొలుసులో 18వ అమైనో ఆమ్లం), చివరి జీకి చెందిన రెండు గ్రహీతలకూ రెండు హైడ్రోజన్ బంధాలు వేస్తుంది. 20వ ఆస్పార్టిక్ ఆమ్లం ఆ ఆర్జినిన్‌ను పక్కనుంచి కదలకుండా పట్టి ఉంచుతుంది. హెలిక్స్ ఆరో స్థానంలోని 24వ ఆర్జినిన్ ఆ మూడక్షరాల్లో మొదటి జీని ఇదే తీరున పట్టుకుంటుంది. ఆర్జినిన్, గ్వానిన్ ఇలా జతకడతాయని సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ 1976లోనే ఊహించారు. రెండో ఫింగర్‌లో మధ్య జీని 49వ హిస్టిడిన్ గుర్తిస్తుంది. దూరం కొలిచేటప్పుడు నత్రజని, ఆక్సిజన్ పరమాణువుల మధ్య సుమారు 2.7 నుంచి 3.3 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే హైడ్రోజన్ బంధంగా పరిగణించవచ్చు, అయితే కోణం కూడా అనుకూలంగా ఉండాలి.

డీఎన్ఏ పోగుల వెన్నెముకలోని ఫాస్ఫేట్లను తాకే బంధాలను వేరే పట్టికలో రాయండి. అవి పట్టును పెంచి, హెలిక్స్‌ను సరైన భంగిమలో నిలుపుతాయి కానీ, ఫాస్ఫేట్ అన్ని అక్షరాలకూ ఒకటే గనుక అక్షరాన్ని నేరుగా చెప్పలేవు. తరువాత నీటి అణువులను మళ్లీ చూపించండి, ఎందుకంటే ట్రిప్ రిప్రెసర్ (బ్యాక్టీరియాలో జన్యువులను ఆపే ప్రోటీన్) వంటి ప్రోటీన్లలో గుర్తింపులో ముఖ్యమైన భాగం నీటి అణువుల ద్వారానే జరుగుతుంది. టాటా బైండింగ్ ప్రోటీన్ చిన్న గాడిలో కూర్చుని డీఎన్ఏను బాగా వంచుతుంది కాబట్టి, అక్కడ డీఎన్ఏ ఎంత సులువుగా వంగుతుందన్నదే పెద్ద ఆధారం.

నిర్మాణంలో కనిపించిన బంధం నిజంగా ఎంపికకు తోడ్పడుతుందో లేదో ప్రయోగంతోనే తేలుతుంది. ఆర్జినిన్ పట్టుకున్న ఒక్క జీని మాత్రమే ఏగా మార్చిన డీఎన్ఏ ముక్కను, మార్చని ముక్కను ఒకే జెల్‌లో (విద్యుత్తుతో అణువులను వేరుచేసే పలుచని పొరలో) పక్కపక్కన నడిపి, ప్రోటీన్ మోతాదును క్రమంగా పెంచుతూ, ఏ మోతాదు దగ్గర సగం డీఎన్ఏ బంధితమవుతుందో రెండింటికీ విడివిడిగా గుర్తించండి.