సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్‌కు కొత్త తీగలా? పాతవి కొలవందే పారేయకండి

పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎంత బిగించినా శ్రుతి నిలవట్లేదు. ఒకటి సరిచేసేలోపు ఇంకోటి దిగిపోతోంది" అన్నాడు. ఆపరా, ఇక ముట్టుకోకు అని నేను అంటూండగానే అటువైపు టప్‌మని శబ్దం, ఆ వెంటనే వాడి కేక. మొదటి తీగ తెగి మొహం మీద కొట్టింది. తెల్లారి వెళ్ళి చూస్తే ఎడమ కంటికి వేలెడు కింద, బ్లేడుతో గీసినట్టు సన్నటి ఎర్రటి వాత. ఆ వేలెడు దూరం లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

ఇక గిటార్. నెల కిందట ఏడున్నర వేలకు కొన్న స్ట్రాటోకాస్టర్ (పొట్టిగా స్ట్రాట్) మోడల్ అది. తీగల కింది చివరలు పట్టుకునే లోహపు పలక, అదే బ్రిడ్జ్, దాని వెనక భాగం చెక్క మీద నుంచి లేచి నిలబడింది. గిటార్ మెడ, అంటే నెక్, ముందుకు వంగి, దాని మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో (ఫ్రెట్‌లు) పన్నెండోదాని దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య పెన్సిల్ దూరిపోతోంది. నెక్ పైచివర తీగలు కూర్చునే తెల్లటి పట్టీ, అదే నట్, ఆరో తీగ గాడి దగ్గర పగిలి అంచు ఊడిపోయింది.

ఏం చేశావని అడిగితే చెప్పాడు. పాత తీగలు తుప్పు పట్టాయని ఆరింటినీ కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. షాపుకి వెళ్ళి "గిటార్ స్ట్రింగ్స్ ఇవ్వండి" అన్నాడు. ఏ గిటార్ అని వాళ్ళు అడగలేదు, వీడు చెప్పలేదు. వాళ్ళిచ్చింది అకూస్టిక్ గిటార్‌కి వేసే 12-53 (సన్న తీగ మందం 12, లావు తీగది 53) కంచు తీగల సెట్టు.

శుభ్రంగా తుడుచుకోండి, చేతులు కడుక్కోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను. నేను చెప్పేది ఒక్క తప్పు గురించే. పాత తీగల మందం కొలవకుండా వాటిని పారేయడం. పదిహేనేళ్ళుగా తెలిసినవాళ్ళ గిటార్లు సరిచేసి పెడుతున్నాను. పాడైపోయి నా దగ్గరికి వచ్చిన సెకండ్ హ్యాండ్ గిటార్లలో ఎక్కువ వాటి కథ ఇక్కడే మొదలైంది.

ఎందుకు కొలవాలి

కొత్త గిటార్ అయితే ఏ తీగలతో వచ్చిందో కంపెనీ చెబుతుంది. స్క్వయర్ స్ట్రాట్‌లు, యమహా పసిఫికా 112, ఐబనెజ్ చవక మోడళ్ళు మామూలుగా 9-42తో వస్తాయి. గిబ్సన్ లెస్‌పాల్ 10-46తో వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ లెక్క పనికిరాదు. పాత యజమాని తన చేతికి తగ్గట్టు నట్ గాళ్ళు అరగదీయించి ఉంటాడు, వెనక స్ప్రింగులు మార్చి ఉంటాడు, నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, తిప్పి ఉంటాడు. ఆ సర్దుబాట్లన్నీ ఏ తీగలకు చేశాడో చెప్పగలిగే సాక్ష్యం ఆ తుప్పు పట్టిన ఆరు తీగలే. వాటిని చెత్తబుట్టలో వేస్తే సాక్ష్యం పోయినట్టే.

ప్యాకెట్ మీద ఉండే 9, 10, 12 అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. 9 అంటే 0.23 మిల్లీమీటర్లు, 10 అంటే 0.25. చూస్తే వెంట్రుకవాసి తేడా. కానీ ఆరు తీగలూ మామూలు శ్రుతికి బిగిస్తే, స్ట్రాట్ పొడవున్న గిటార్ మీద 9-42 సెట్టు సుమారు 39 కిలోల బలంతో నెక్‌ని లాగుతుంది. 10-46 అయితే 47. అంటే దాదాపు సిమెంటు బస్తా బరువు. మావాడు ఎక్కించిన 12-53 సెట్టు లాగేది 73 కిలోల పైమాటే. 39 కిలోలకు సర్దిన గిటార్‌కి బస్తాన్నర బరువు వేలాడదీశాడన్నమాట. స్ట్రాట్ బ్రిడ్జ్ వెనక స్ప్రింగుల మీద ఆనుకుని ఉంటుంది. ముందు నుంచి తీగలు ఎక్కువ లాగితే అది ముందుకు లేస్తుంది. అది లేచేకొద్దీ మిగతా తీగలు వదులై శ్రుతి దిగుతుంది. దిగిందని ఇంకా బిగిస్తాం, ఇంకా లేస్తుంది. రాత్రి పదకొండు దాకా వాడు చేసింది ఇదే. గాడిలో పట్టని లావు తీగ మేకులా దిగి నట్‌ని పగలగొట్టింది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పాత యజమాని మెటల్ సంగీతం వాయించే మనిషై, శ్రుతి బాగా దించుకుని 11-54 లాంటివి వాడి ఉంటే నట్ గాళ్ళు వెడల్పుగా ఉంటాయి. మీరు 9లు వేస్తే అవి గాడిలో కదులుతూ, ఫ్రెట్ నొక్కకుండా మీటినప్పుడు జీరగా మోగుతాయి. అందుకే అమ్మే మనిషిని "ఏ గేజ్ (తీగ మందం) వాడారు, ఏ ట్యూనింగ్‌లో వాయించేవారు" అని రెండూ అడగండి. చెప్పినా నమ్మి ఊరుకోకండి, కొలవండి.

ఎలా కొలవాలి

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూగేజితో వైరు మందం కొలిచాం కదా, అచ్చం ఆ ప్రయోగమే. మిల్లీమీటరులో నూరో వంతు దాకా చూపిస్తుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇంటర్ చదివే పిల్లలుంటే పాత తీగలిచ్చి ల్యాబ్‌లో కొలుచుకు రమ్మనండి. లేదంటే చవక డిజిటల్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి.

కాలిపర్‌తో కొలిచేవాళ్ళు ఇక్కడొక పొరపాటు చేస్తారు. మొదటి తీగ మాత్రమే చూసి వదిలేస్తారు. 9కీ 10కీ తేడా మిల్లీమీటరులో మూడు నూరో వంతులు కూడా లేదు, చవక కాలిపర్ తప్పే అంత ఉంటుంది. ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది చూడండి. 1.07 దగ్గర చూపిస్తే 42, 1.17 దగ్గర చూపిస్తే 46. అక్కడ అనుమానానికి చోటుండదు. దవడలు గట్టిగా నొక్కకుండా, తుప్పు లేని చోట, రెండు మూడుసార్లు కొలిచి రాసుకోండి.

ఒక్క మెలిక ఉంది. చుట్టు ఉన్న లావు తీగలు వెండి రంగులో కాకుండా బంగారు రంగులో ఉంటే, మీకు అమ్మినవాళ్ళే అకూస్టిక్ తీగలు వేశారన్నమాట. ఆ కొలత నమ్మకండి. ముందు నెక్ వంగిందేమో చూడండి.

గిటార్ పొడవు కూడా చూసుకోండి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా టేపు పెట్టండి. 32.4 సెంటీమీటర్లు వస్తే ఫెండర్ తరహా పొడవు, 31.4 వస్తే గిబ్సన్ తరహా. పొట్టి నెక్ మీద అదే తీగ కాస్త మెత్తగా ఉంటుంది. స్నేహితుడి లెస్‌పాల్ మీద 10లు హాయిగా ఉన్నాయని మీ స్ట్రాట్‌కి అవే తెచ్చుకుంటే వేళ్ళు నొప్పెడతాయి.

కొనేటప్పుడు

"గిటార్ స్ట్రింగ్స్" అని అడగొద్దు. "ఎలక్ట్రిక్ గిటార్‌కి, 9-42, నికెల్" అని అడగండి. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని ఎలక్ట్రిక్ అని ఉందో లేదో మీరే చదవండి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కదలికను పట్టే భాగం, అదే పికప్, అయస్కాంతం; దానికి ఇనుము కావాలి. కంచు చుట్టు దానికి తెలియదు. అందుకే అకూస్టిక్ సెట్టు వేస్తే సన్న తీగలు గట్టిగా అరుస్తాయి, లావువి గొణుగుతాయి. నైలాన్ తీగలైతే పికప్‌కి అసలు వినిపించవు.

పాతవి ఇప్పటికే పారేశారా? అయితే స్ట్రాట్ మోడల్‌కి 9-42తో మొదలుపెట్టండి. తేలిక తీగలతో మహా అయితే జీర వస్తుంది, సరిచేసుకోవచ్చు. లావు తీగలతో విరిగింది మాత్రం అతకదు. 11 దాటిన ఏ సెట్టూ తెలిసినవాళ్ళకు చూపించకుండా ఎక్కించకండి.

ఇక వరసగా చెబుతున్నాను, వినండి.

బిగుతుగా ఉన్న తీగని ఎప్పుడూ కత్తిరించకండి. ముందు శ్రుతి సరిచేసే మేకు (ట్యూనింగ్ పెగ్) తిప్పి పూర్తిగా వదులు చేయండి, ఆ తర్వాతే కటింగ్ ప్లేయర్.

కళ్ళద్దాలు పెట్టుకోండి. పవర్ లేకపోయినా సరే, ఏవో ఒకటి.

బిగించేటప్పుడు మొహం గిటార్ మీదకి వంచొద్దు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోవద్దు.

ఆరూ ఒకేసారి విప్పొద్దు. స్ప్రింగుల బ్రిడ్జ్ అయితే ఒక్కసారిగా వెనక్కి పడిపోతుంది, లెస్‌పాల్ తరహా అయితే బ్రిడ్జే ఊడి చేతిలోకొస్తుంది. ఒకటి విప్పు, ఒకటి ఎక్కించు.

విప్పిన ప్రతి తీగకీ కాగితం ముక్క అంటించి ఒకటి, రెండు, మూడు అని రాయండి. కొలవలేదా? అయితే పారేయొద్దు.

ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ (తీగల్ని నట్ దగ్గర కూడా బిగించి పట్టే రకం) ఉంటే నట్ దగ్గరి బిగింపులు వదులు చేయకుండా మేకులు తిప్పొద్దు.

శ్రుతి నిలవకపోతే, ఆరు తీగలూ రెండుసార్లు సరిచేసినా నిలవకపోతే, ఆపండి. బ్రిడ్జ్ లేస్తోందేమో పక్క నుంచి చూడండి. ఇంకాస్త బిగిద్దాం అనుకోవడమే మావాడు చేసింది.

గేజ్ మారిస్తే ట్రస్ రాడ్ చూడాలి. ఒకసారికి పావు చుట్టు. ఆ రోజుకి చాలు, మర్నాడు చూసుకోండి. కీ గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు.

తీగలు మార్చేటప్పుడు యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) కేబుల్ ఊడదీయండి. గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా యాంప్ ఎర్త్ వైరుతో కలిసి ఉంటాయి. యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించొద్దు, ఎర్త్ లేని బోర్డుకి పెట్టొద్దు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీద గిటార్ పట్టుకుని ఎర్త్ సరిగా లేని మైకుని తాకి చనిపోయాడు. వినాయక మండపాల దగ్గర తాత్కాలిక వైరింగ్ మీద వాయించే పిల్లలు ఇది రెండుసార్లు చదవండి.

విడి తీగలు తలో షాపులో ఒకటి ఏరుకొచ్చి సెట్టు చేయొద్దు. తెరిచిన ప్యాకెట్ తీసుకోవద్దు.

రాత్రిపూట ఈ పని పెట్టుకోవద్దు.

మళ్ళీ చెబుతున్నాను, కొలవకుండా పారేయొద్దు. కొత్తవి ఎక్కి, వారం రోజులు శ్రుతి నిలబడి, నెక్ నిటారుగా ఉందని చూసుకునేదాకా పాత ఆరు తీగలూ చుట్టచుట్టి, కొలతలు రాసిన కాగితంతో సహా గిటార్ బ్యాగు ముందు అరలో ఉంచండి.