పసిపాప నిద్ర – 6వ పాఠం: జలుబు తగ్గింది, భుజం దిగనంటోంది

స్నానం, పాలు, లైటు తగ్గించడం, జోల, పక్క. పోయిన పాఠంలోని ఈ వరస మీ ఇంట్లో కాస్త కుదురుకునే ఉంటుంది. సరిగ్గా ఇప్పుడే జలుబు వస్తుంది. పసిపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు రావడం మామూలే కాబట్టి ఈ పాఠం మీకు మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

మా చిన్నదానికి ఎనిమిదో నెలలో వచ్చింది. పక్క మీద వేస్తే ముక్కులో గుర్రుగుర్రు, రెండు నిమిషాల్లో ఏడుపు. భుజాన వేసుకుంటే మాత్రం నిద్రపోయేది. ఆరు రాత్రులు మేమిద్దరం వంతులేసుకుని హాల్లో తిరిగాం. ఏడోనాటికి ముక్కు శుభ్రం, పగలంతా ఇల్లంతా పాకుడే. రాత్రి మాత్రం వీపు పక్కకి తగిలితే చాలు, కేక. మా అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పు తిప్పిపోశారు. దానివల్ల నష్టమేమీ లేదు గానీ, భుజం అలవాటు పోలేదు.

ముందు జబ్బున్న రోజుల సంగతి. అప్పుడు అలవాటు చెడుతుందేమోనని బిగదీసుకోకండి. ముక్కు మూసుకుపోతే పాప పాలు చప్పరిస్తూ ఊపిరి తీసుకోలేదు. సగం తాగి వదిలేస్తుంది, ఆ ఆకలికే రాత్రి లేస్తుంది. కాబట్టి రాత్రి ఇంకోసారి పాలివ్వడం గారాబం కాదు. పాలకు పావుగంట ముందు ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేయండి. నూనె చుక్కలు, కర్పూరం, సాంబ్రాణి పొగ వద్దు. తల ఎత్తుగా ఉంటుందని దిండూ పెట్టొద్దు. నిద్రపోతుంది కదా అని జలుబు సిరప్ పోసేవాళ్లకు ఒక మాట: క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు వాడొద్దని సీసా మీద రాయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది.

మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకినా, ఏ వయసు బిడ్డయినా డొక్కలు ఎగరేస్తున్నా, పాలు ముట్టకపోయినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా పాఠం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా అంతే. గడియారం ఎదురుగా పెట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టాలి.

ఇక అసలు పని. మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేదు, పాలు మునుపటిలా తాగుతోంది, పగలు ఆడుతోంది అంటే జబ్బు పోయినట్టే. ఆ రోజు క్యాలెండర్ కాగితం వెనక ఒకటి రాయండి: జబ్బులో కొత్తగా ఏమేం వచ్చి చేరాయి? మా కాగితం మీద రెండున్నాయి. భుజం, రాత్రి రెండింటికి తాగే పాలు. రెండూ ఒకేసారి తీసేస్తే ఇల్లు దద్దరిల్లుతుంది. మేం ముందు భుజం సంగతి చూశాం, అదీ రాత్రి మొదటి నిద్రకే. తెల్లవారుజామున రెండింటికి కొత్త పద్ధతి నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు, పాపతో సహా.

భుజం మీద రెప్పలు బరువెక్కాయి గానీ ఇంకా వాలలేదు, అప్పుడు పక్క మీద వెల్లకిలా వేశాను. ఛాతీ మీద చెయ్యి, అదే జోల. ఏడిస్తే ఎత్తుకుని, ఊరుకోగానే మళ్లీ వేశాను. మొదటి రాత్రి పదకొండుసార్లు ఎత్తి దించాను, నడుం పట్టేసింది. రెండో రాత్రి నాలుగు. మూడో రాత్రి నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని పడుకుంది, నిద్రపట్టాక మెల్లగా లాక్కున్నాను. ఆ తర్వాతే రాత్రి రెండింటి పాల సంగతి చూశాం. పాలిచ్చే సేపు రాత్రికో నిమిషం తగ్గిస్తూ వస్తే వారంలో తనే లేవడం మానేసింది.

ఈ వారం మీ పని: ఆ కాగితం రాసి, ఒక్కటి ఎంచుకుని మూడు రాత్రులు చేయండి. నాలుగో రాత్రికీ ఏడుపు తగ్గకపోగా, పడుకోబెట్టగానే పెరిగి, చెయ్యి చెవి మీదకే పోతుంటే అది అలవాటు కాకపోవచ్చు. జలుబు వెనకే చెవిపోటు వస్తుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. డాక్టరు చెవి చూశాకే మళ్లీ మొదలుపెట్టండి.

వచ్చే పాఠం: టీకా వేయించిన రాత్రి.