లాడ్ బజారులో ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫొటో తీయాలంటే

కెమెరాని సంచిలో దాచకండి. ఆటో దిగగానే మెళ్లో వేసుకోండి. మీరు ఫొటోలు తీయడానికే వచ్చారని వీధి మొదట్లోనే అందరికీ తెలిసిపోవాలి. ఎక్కడో చాటున నిలబడి పెద్ద జూమ్ లెన్సుతో లాగేవాళ్లంటే నాకు పడదు. అలా తీసింది ఎంత బాగున్నా అందులో ఆ మనిషి మనవైపు చూడడు కదా.

వారమంతా బ్యాంకు కౌంటర్లో ఉంటాను, సెలవు దొరికితే చార్మినార్ చుట్టుపక్కలే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే చోటు లాడ్ బజారు. చార్మినార్‌కి పడమటి వైపున్న వీధి, పొడవునా గాజుల కొట్లే. బేరాలు ఊపందుకున్నాక మనతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే పొద్దున షట్టర్లు ఎత్తి గాజులు సర్దుకునే వేళకి వెళ్లండి. రంజాన్ రాత్రుల్లో అక్కడి వెలుగులు, జనం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ, మొదటిసారికి వద్దు. నిలబడటానికే చోటుండదు, ఇంక మాటలెక్కడ?

వెళ్లీ వెళ్లగానే ఫొటో అడగకండి. పని గురించి అడగండి. లక్క గాజులు చేసేచోట అడగడానికి బోలెడుంది. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దని వేడిచేసి, మెత్తబడ్డాక సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి కొసలు అతికిస్తారు. దాన్ని వెచ్చగా ఉంచుకుంటూ రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటే పొదుగుతారు. అంత వేడిలోనూ వేళ్లతోనే పని. "చేయి కాలదా చాచా?" అంటే చాలు, మాట దానంతటదే సాగుతుంది. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ మాటెత్తితే కొందరు మురిసిపోతారు, కొందరు "దాంతో మాకేం ఒరిగింది?" అంటారు. రెండూ వినదగ్గవే.

అప్పుడు కెమెరా మీద చేయి వేసి, "చాచా, ఏక్ ఫొటో లేలూ క్యా?" అనండి. ఉర్దూ తడబడినా ఫర్వాలేదు, నవ్వుతారు. తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది. "నక్కో" అన్నా, చేయి అడ్డం పెట్టినా అక్కడితో సరి. బతిమాలకండి. కెమెరా దించి ఇంకో రెండు మాటలు మాట్లాడి కదలండి. మొహం మాడ్చుకుని వెళ్లిపోయారా, మీ వెనకొచ్చేవాళ్లకి కూడా ఆ కొట్లో మాట పుట్టదు.

గాజులు కొనాలనుంటే ఫొటో అయ్యాకే కొనండి. ముందే కొంటే అవతలివాళ్లకి కాదనడం కష్టమవుతుంది.

నేను ఆడదాన్ని కాబట్టి నాకు కొంత సులువు. మగవాళ్లు మాత్రం గాజులు కొనడానికొచ్చిన ఆడవాళ్లవైపు కెమెరా ఎత్తకపోవడమే మంచిది. బుర్ఖాలో ఉన్నవాళ్లని, వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప నేనూ తీయను. పిల్లలు "ఆంటీ, ఫొటో!" అంటూ మూగుతారు. ముందు వాళ్ల పెద్దవాళ్లతో సరేననిపించుకోండి.

ఒప్పుకున్నాక బటన్లు వెతుక్కుంటూ నిలబెట్టకూడదు. సెట్టింగులు ముందే చూసుకోండి: 35 లేదా 50 ఎంఎం లెన్సు, షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటో, ఫోకస్ కంటి మీద. ఫోన్ అయితే మామూలు లెన్సుతో మొహం దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదైపోతుంది. 2ఎక్స్ పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. నీలం టార్పాలిన్ పట్టా కింద తీస్తే మనిషి నీలంగా వస్తాడు. కొట్టు గుమ్మంలో, నీడలో, మొహం వీధివైపు ఉండేలా చూసుకోండి.

మొదటి ఫొటోకి అందరూ పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుంటారు. మా బ్యాంకు ఫారాల మీద రోజూ చూసే మొహాలే అవి. అదీ తీయండి, తీసి చూపించండి. "ఇదేం బాలేదు, ఇంకోటి తియ్" అని ఆయనే గడ్డం సవరించుకుంటాడు. మనకి కావాల్సింది ఆ రెండోది.

కదిలేముందే వాట్సాప్‌లో ఫొటో పంపేయండి. "తర్వాత పంపిస్తా" అనేవాళ్లని ఆ వీధి చాలామందిని చూసింది. వీలైతే 4×6 ప్రింట్ తీయించి మళ్లీ వెళ్లినప్పుడు ఇవ్వండి. వెనకాల పెన్సిల్‌తో కొట్టు గుర్తు రాసుకోండి, అక్కడ కొట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. మనిషి లేకపోతే పక్క కొట్లో ఇచ్చినా అందుతుంది. ప్రింట్ చేతికందాక "మా తమ్ముడిది కూడా తియ్" అంటూ లోపలికి పిలుస్తారు, చాయ్ కూడా చెప్తారు.

ఇన్‌స్టాలో పెట్టాలంటే మాత్రం విడిగా అడగాల్సిందే. ఫొటోకి ఒప్పుకుంటే దానికీ ఒప్పుకున్నట్టు కాదు. పేరు, కొట్టు వివరాలు లేకుండా పెట్టండి. కొట్టు పేరు తప్పకుండా వేయమని వాళ్లే అంటే వేయండి. చాలామంది అంటారు, వ్యాపారం కదా.