కనురెప్పల ఆపరేషన్‌కు వెళ్లే ముందు, వెళ్లి వచ్చాక

రెప్ప వాలిందని అందరూ ఒకే మాటగా అంటారు గాని, వాలింది చర్మమా, రెప్ప అంచా అన్నది ముందు తేలాలి. వయసుతో వదులైన చర్మం రెప్ప మీదికి మడతగా జారితే, ఆ అదనపు చర్మాన్ని తొలగించే బ్లెఫరోప్లాస్టీ సరిపోతుంది. రెప్పను పైకెత్తే కండరం పట్టు సడలి రెప్ప అంచే కిందికి దిగితే దానిని టోసిస్ అంటారు; అప్పుడు కండరాన్నే బిగించాలి తప్ప, చర్మం ఎంత తీసినా ప్రయోజనం ఉండదు.

అద్దం ముందు కూర్చుని, కనుబొమలు కదలకుండా వేళ్లతో అదిమి పట్టి, ఎదురుగా చూడండి; రెప్ప అంచు నిజంగా ఎంత దిగిందో అప్పుడు తెలుస్తుంది. టోసిస్ ఉన్నవారు తమకు తెలియకుండానే కనుబొమలెత్తి చూస్తుంటారు. పేపరు చదివే పెద్దవారి నుదుటి మీద అడ్డంగా పడే ముడతల్లో ఆ శ్రమ కనిపిస్తుంది. అప్పటి రెప్పతో పోల్చి చూడటానికి పదేళ్ల నాటి ఫొటో ఒకటి డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి.

రెప్ప హఠాత్తుగా వాలి, తలనొప్పి గాని, ఒకటి రెండుగా కనిపించడం గాని, కనుపాప పెద్దదవడం గాని తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి; మెదడులో ఉబ్బిన రక్తనాళం నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు కోసం పరీక్షించాలి. పసిపిల్లల్లో రెప్ప కనుపాపను కప్పేస్తే ఆ కంటికి చూపు సరిగా ఎదగదు. పెద్దయ్యాక చూద్దామని ఆగడం వల్ల పోయిన చూపు తర్వాత ఆపరేషన్ చేసినా పూర్తిగా రాకపోవచ్చు.

ఈ పనికి ఆక్యులోప్లాస్టీలో, అంటే రెప్పలకు, కంటి చుట్టూ ఉన్న భాగాలకు చేసే శస్త్రచికిత్సలో, శిక్షణ పొందిన కంటి డాక్టరును ఎంచుకోవడం మంచిది, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. కనుపాప మధ్య నుంచి పై రెప్ప అంచు వరకు సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. డాక్టరు మొదట దానినే కొలుస్తారు. రెప్పను ఉన్నట్టే ఉంచి ఒకసారి, టేపుతో పైకి అంటించి మరొకసారి చూపు పరిధిని పరీక్షిస్తే ఎంత అడ్డు పడుతోందో కాగితం మీదికి వస్తుంది. అందం కోసమే చేయించుకునే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు కనుక, ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. కళ్లు పొడిబారడం, థైరాయిడ్, రక్తం పలుచన చేసే మందుల సంగతి తప్పక చెప్పండి; ఆ మందులను సొంతంగా మాత్రం ఆపకండి.

పెద్దవారికి సాధారణంగా మత్తు సూది రెప్పకే ఇచ్చి, సహజమైన మడతలోనే కోత పెడతారు. టోసిస్ సరిచేసేటప్పుడు మధ్యలో మిమ్మల్ని లేపి కూర్చోబెట్టి, కళ్లు తెరిపించి రెండు రెప్పల ఎత్తును పోల్చి చూడవచ్చు. అందుకు కంగారు పడనక్కరలేదు.

మొదటి రెండు రోజులు చల్లని కాపడం పెట్టి, తల ఎత్తుగా ఉంచి పడుకోండి. కుట్లు వారం లోపు తీస్తారు, కమిలిన రంగు దాదాపు రెండు వారాల్లో తగ్గుతుంది, అసలు ఆకారం కుదురుకోవడానికి నెలలు పడుతుంది. కాని మొదటి రోజుల్లో కంట్లో తీవ్రమైన నొప్పి వచ్చినా, కన్ను ముందుకు ఉబికినా, చూపు మసకబారినా కంటి వెనుక రక్తస్రావం అయి ఉండవచ్చు. అర్ధరాత్రి అయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.