బెల్లం టీ విరగకుండా

మా మామయ్యగారికి బెల్లం టీ అంటే ప్రాణం. కానీ పాలు తరచూ విరిగిపోయేవి. బెల్లంలోని ఆమ్లాలు, లవణాలు మరిగే పాలలోని ప్రోటీన్‌ను ముద్దకట్టిస్తాయి. పాత బెల్లమైతే మరీను. పచ్చి అల్లంలోనూ ప్రోటీన్‌ను విడగొట్టే జింజిబైన్ అనే ఎంజైము ఉంది. నీళ్లలో మరిగిస్తే దాని పని అయిపోతుంది.

అందుకే వరస మార్చాను. రెండు గ్లాసుల నీళ్లలో దంచిన అల్లం వేసి, ఘాటు ముక్కుకు తగిలేదాకా మరిగిస్తాను. తర్వాత నాలుగు చెంచాల టీపొడి. డికాక్షన్ ఎర్రగా దిగాక, విడిగా కాచిన పాలు రెండు గ్లాసులు పోసి ఒక్క పొంగు రానిస్తాను. స్టవ్ ఆపి, పొంగు అణిగాకే తురిమిన బెల్లం కలుపుతాను. ఆ తర్వాత మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు.

దీంతో ఒక మేలు జరిగింది. తిరిగి వేడిచేసే వీల్లేదు కాబట్టి, పిలవగానే అందరూ ఒకేసారి రావాలి. ఇదివరకు మామయ్యగారు వరండాలో ఒక్కరే తాగేవారు. ఇప్పుడు అల్లం దంచే పని ఆయనదే. తురిమితే చాలంటుంది మా అమ్మాయి. తురిమితే పీచు నోట్లో పడుతుందని ఆయన పట్టు. "వడకట్టేది ఎందుకు తాతయ్యా?" అని ఇది ఎదురు ప్రశ్న. ఈ తగువు తేలేలోగా డికాక్షన్ మరిగిపోతుంది.

అత్తయ్యగారికి షుగర్. ఆవిడ కప్పు బెల్లం కలపకముందే తీసేస్తాను. బెల్లమైతే పరవాలేదని ఎవరో చెప్పారట, అది ఒట్టి మాట.