ముద్ద దిగడం లేదా? డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి, ఏం అడగాలి

నెలల తరబడి మింగడానికి ఇబ్బంది పడుతున్నవాళ్లు కూడా డాక్టర్ ముందు కూర్చోగానే "గొంతులో కాస్త పట్టేసినట్టు ఉంటోందండీ, అయినా తింటూనే ఉన్నాను" అంటారు. ఇంకేముంది, ఎసిడిటీ మాత్రలు రాసిస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ సమస్యలో మనం చెప్పే వివరాలను బట్టే డాక్టర్ ఏ దారిలో వెళ్లాలో తేల్చుకుంటారు కాబట్టి, వెళ్లేముందు ఒకట్రెండు వారాలు గమనించి రాసుకోండి.

ముందు, ఇబ్బంది ఏ క్షణంలో వస్తోందో చూసుకోండి. గుటక వేయడమే కష్టంగా ఉండి, వేయగానే పొలమారుతున్నా, నీళ్లు ముక్కులోంచి వస్తున్నా, తిన్నాక గొంతు తడిగా గరగరలాడుతున్నా సమస్య నోరు, గొంతు ప్రాంతంలో ఉండొచ్చు. పక్షవాతం, పార్కిన్సన్స్, కండరాల జబ్బులు, మెడ దగ్గర రేడియేషన్ తీసుకోవడం లాంటివి కారణాలు. దీనికి ఈఎన్‌టీ లేదా న్యూరాలజిస్ట్, వాళ్లతోపాటు మింగడం మీద శిక్షణ ఉన్న స్పీచ్ థెరపిస్ట్ కావాలి. అలా కాకుండా గుటక బాగానే పడి, కొన్ని సెకన్ల తర్వాత ఛాతీలో ఆగిపోయినట్టు ఉంటే అది అన్నవాహిక (గొంతు నుంచి కడుపులోకి వెళ్లే గొట్టం) వ్యవహారం, గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ని కలవాలి. ఇక్కడో మెలిక ఉంది: అడ్డు కింద ఎక్కడో ఉన్నా గొంతు దగ్గరే పట్టేసినట్టు అనిపించొచ్చు, కాబట్టి ఈఎన్‌టీ డాక్టర్ గొంతు చూసి ఏమీ లేదన్నారని అక్కడితో ఊరుకోవద్దు.

తర్వాత, ఏది దిగడం లేదో. గట్టి పదార్థాలు మాత్రమే ఆగుతుంటే దారి ఎక్కడో సన్నబడిందేమో అని అనుమానిస్తారు. మొదట గట్టివి, తర్వాత మెత్తవి, ఆ తర్వాత నీళ్లు కూడా, ఇలా రోజురోజుకీ ముదురుతుంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి, అపాయింట్‌మెంట్ త్వరగా తీసుకోండి. మొదటి నుంచీ నీళ్లూ, గట్టివీ రెండూ ఆగుతుంటే అన్నవాహిక కదలికలో లోపం ఉండొచ్చు, అన్నవాహిక అడుగున ఉండే కండరం సరిగా వదులవ్వని అకలేషియా అలాంటిదే. అప్పుడప్పుడూ మాత్రమే పట్టేస్తూ, ఆస్తమా, అలర్జీలు కూడా ఉంటే ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే, అలర్జీ తరహాలో అన్నవాహిక వాచే జబ్బు ఉందేమో అడగండి.

చాలామంది చెప్పడం మర్చిపోయేది ఇంకోటుంది, నా దృష్టిలో అసలు కీలకం ఇదే. ప్రతి ముద్దకీ నీళ్లు తాగడం, అందరూ లేచాక కూడా నమలుతూ కూర్చోవడం, మాంసం, బ్రెడ్ మెల్లగా మానేయడం, నలుగురిలో తినడానికి టెన్షన్ పడి ఏదో ఒక సాకు చెప్పడం. ఇవన్నీ అలవాటైపోతే మనకే జబ్బు కనపడదు, ఇక డాక్టర్‌కేం కనపడుతుంది?

అందుకే ఇలా చెప్పండి: "నాలుగు నెలలుగా మాంసం, బ్రెడ్ మింగిన కాసేపటికి ఛాతీ మధ్యలో ఆగుతున్నాయి. వారానికి రెండుసార్లు అవుతోంది, ఒకసారి కక్కేయాల్సి వచ్చింది. నీళ్లు దిగుతున్నాయి. ప్రయత్నం లేకుండానే మూడు కిలోలు తగ్గాను." వాడుతున్న మందుల లిస్టు కూడా పట్టుకెళ్లండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్, ఎముకలకి ఇచ్చే అలెండ్రొనేట్, కొన్ని నొప్పి మాత్రలు అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయొచ్చు.

అన్నవాహిక అనుమానం ఉంటే మొదట ఎక్కువగా ఎండోస్కోపీ చేస్తారు. చేసేముందే "బయాప్సీ తీస్తారా?" అని అడగండి, మొహమాటం వద్దు. ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్‌లో పైకి అంతా నార్మల్‌గా కనిపించొచ్చు, వేర్వేరు చోట్ల నుంచి కనీసం 6 ముక్కలు తీసి చూస్తేగానీ గట్టిగా చెప్పలేరు. బయాప్సీ కూడా నార్మల్ వచ్చి ఇబ్బంది అలాగే ఉంటే, తర్వాతవి బేరియం ఎక్స్‌రే (బేరియం కలిపిన ద్రవం తాగించి తీసేది), మానోమెట్రీ. మానోమెట్రీలో ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, గుక్కగుక్కకీ కండరాలు ఎంత ఒత్తిడితో కదులుతున్నాయో కొలుస్తారు. హాయిగా ఏమీ ఉండదు, కానీ అకలేషియాని తేల్చేది ఇదే. పొలమారేవాళ్లకైతే మింగుతుండగా తీసే వీడియో ఎక్స్‌రే ఉపయోగం.

చికిత్స కారణాన్ని బట్టి మారిపోతుంది. సన్నబడిన చోట బెలూన్‌తో వెడల్పు చేస్తారు, కొందరికి అది మళ్లీ చేయాల్సి రావొచ్చు, దాంతో వైద్యం ఫెయిలైందని అనుకోవద్దు. ఇసినోఫిలిక్ రకానికి యాసిడ్ తగ్గించే మందులు, మింగే స్టెరాయిడ్, లేదా కొన్ని ఆహారాలు మాన్పించడం. అకలేషియాకి బెలూన్, లేదంటే బిగుసుకున్న కండరాన్ని కోసే ఆపరేషన్, దాన్ని ఎండోస్కోపీ ద్వారా కూడా చేస్తారు. గొంతు దగ్గరి సమస్యకి వ్యాయామాలు, తల వంచి మింగడం లాంటి పద్ధతులు ఉన్నాయి గానీ, ఇవి అందరికీ ఒకేలా పనిచేయవు, వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు.

ముద్ద ఇరుక్కుని సొంత లాలాజలం కూడా మింగలేకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, నీళ్లు తాగి కిందికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. ఊపిరి అందకపోయినా, రక్తపు వాంతి అయినా, నల్లటి విరేచనం అయినా, మింగలేకపోవడంతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా అంతే. మింగితే నొప్పి, బరువు తగ్గడం, తిన్నాక తరచూ జ్వరం, దగ్గు ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో చెప్పేయండి, ఇంకా త్వరగా తేదీ ఇచ్చే అవకాశం ఉంటుంది. ఈలోపు మాత్రలు నిలబడి లేదా నిటారుగా కూర్చుని గ్లాసుడు నీళ్లతో వేసుకోండి, వేసుకున్నాక అరగంట పడుకోవద్దు. అదీ కష్టంగా ఉంటే సిరప్ రూపంలో దొరుకుతుందేమో అడగండి, అడక్కుండా మాత్రలు పొడి చేయొద్దు, కొన్ని మాత్రలను అలా వేసుకోకూడదు.